చాక్లెట్ గ్రనోలా: ఒక గిన్నెలో రెండు చరిత్రలు



మా బడిలో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ ప్రసంగం మొదలుపెడతాను. ఆరో తరగతి పిల్లవాడొకడు విరామ సమయంలో రంగుల పొట్లం ఒకటి విప్పి, అందులోని ముదురు గోధుమరంగు పలుకులను పక్కవాళ్ళకు పంచుతున్నాడు. పొట్లం మీద చాక్లెట్ గ్రనోలా అని ఉంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే వాళ్ళ మామ తెచ్చాడట. పక్కనున్న అమ్మాయి రెండు పలుకులు నోట్లో వేసుకుని కాసేపు నమిలింది. నమిలి, నా వంక చూసి, "టీచర్, ఇది మా అవ్వ ఏకాదశికి చేసే పేలపిండి మాదిరే ఉంది కదా?" అని అడిగింది. పొట్లం తెచ్చిన పిల్లవాడికి కోపం వచ్చింది. "పేలపిండి ఊళ్ళోది. ఇది ఫారిన్‌ది" అన్నాడు. తక్కిన పిల్లలంతా నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకుంది.

ఆ పిల్ల ప్రశ్నకు ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ జవాబే ఈనాటి ప్రసంగం.

ముందుగా గ్రనోలా అంటే ఏమిటో చెప్పుకుందాం. ఓట్స్ అనే ధాన్యాన్ని ఆవిరి పట్టి, మన అటుకుల్లాగే ఒత్తి ఆరబెడతారు. ఆ ఓట్స్‌కు బాదం, వేరుసెనగ వంటి పప్పులు, గింజలు కలిపి, కొద్దిగా నూనె, తేనె లేదా పాకం పట్టించి, కరకరలాడేటట్టు కాల్చి డబ్బాలో దాచుకుంటారు. పొద్దున్నే గిన్నెలో వేసుకుని పాలో పెరుగో పోసుకుని తింటారు. అప్పటికప్పుడు పొయ్యి వెలిగించే పని లేదు. దీనికి కోకో పొడి కలిపితే చాక్లెట్ గ్రనోలా అవుతుంది. అంటే ఆ గిన్నెలో రెండు చరిత్రలు కలిసి ఉన్నాయి. ఒకటి కాల్చిన గింజ చరిత్ర, రెండోది కోకో గింజ చరిత్ర. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి చరిత్ర 1863లో మొదలవుతుంది. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్న కాలం అది. న్యూయార్క్ రాష్ట్రంలో డాన్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో, ఒక కొండవాలు మీద జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే ఆయన ఆరోగ్యాశ్రమం నడుపుతూ ఉండేవాడు. ఈయన మొదట బానిసత్వ నిర్మూలన కోసం ఉపన్యాసాలిచ్చి, పత్రికలు నడిపినవాడు. తన ఆరోగ్యం చెడినప్పుడు జలచికిత్సతో కోలుకుని వైద్యం వైపు మళ్ళాడు. 1858లో డాన్స్‌విల్ జలచికిత్సాలయాన్ని చేపట్టాడు. ఆ రోజుల్లో కలిగిన అమెరికన్ల ఉదయపు భోజనం నిండా వేయించిన మాంసమూ కొవ్వూ ఉండేవి. అజీర్ణం ఇంటింటి జబ్బు. జాక్సన్ తన ఆశ్రమంలో మాంసం, కాఫీ, టీ, పొగాకు, సారాయి అన్నీ మాన్పించాడు. మరి రోగులకు పొద్దున ఏం పెట్టాలి?

ఆయనకంటే ముందు తరంలో సిల్వెస్టర్ గ్రాహమ్ అనే మతబోధకుడు పొట్టు తీయని గోధుమపిండే ఆరోగ్యమని ఊరూరా చెప్పి ఉన్నాడు. ఆ పిండికి గ్రాహమ్ పిండి అనే పేరు నిలిచిపోయింది. జాక్సన్ ఆ పిండిని నీళ్ళతో కలిపి, పలుచని రొట్టెలుగా కాల్చి, ఎండిన తరువాత విరగ్గొట్టి, మళ్ళీ కాల్చి, మళ్ళీ ఇంకా చిన్న పలుకులుగా నలగ్గొట్టాడు. దానికి గ్రాన్యూలా అని పేరు పెట్టాడు. రవ్వ, పలుకు అనే అర్థం వచ్చే మాట అది. ఆ పలుకులు ఎంత గట్టివంటే, రాత్రే పాలల్లోనో నీళ్ళల్లోనో నానవేయకపోతే పొద్దునకు పళ్ళకు లొంగేవి కావు. శ్రోతలు ఒక్క విషయం గుర్తుంచుకోండి. అందులో తీపి లేదు. నూనె లేదు. ఓట్స్ కూడా లేవు.

ఈ ఆశ్రమాన్ని చూసిపోయినవారిలో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం పెద్దలు ఉన్నారు. వారు 1866లో మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో తమ సొంత ఆరోగ్యాశ్రమం పెట్టుకున్నారు. 1876లో దాని బాధ్యత ఇరవై నాలుగేళ్ళ యువ వైద్యుడి చేతికి వచ్చింది. ఆయన పేరు జాన్ హార్వే కెల్లాగ్. ఈయన గోధుమ, ఓట్స్, మొక్కజొన్న పిండి మూడూ కలిపి బిస్కెట్లుగా కాల్చి, పొడి చేసి, రోగులకు పెట్టాడు. దానికీ గ్రాన్యూలా అనే పేరే పెట్టుకున్నాడు. జాక్సన్ పక్షం వారు ఊరుకుంటారా? పేరు మీద తగాదా వచ్చింది. 1880ల మొదట్లో కెల్లాగ్ ఒక్క అక్షరం మార్చి గ్రనోలా అన్నాడు. ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న పేరు అలా పుట్టింది.

ఇక తరువాత జరిగింది ఆలోచించవలసిన కథ. కెల్లాగ్ దగ్గర వైద్యానికి వచ్చిన చార్లెస్ విలియం పోస్ట్ అనే వ్యాపారి అదే ఊళ్ళో 1897లో ఇటువంటి తిండినే గ్రేప్‌నట్స్ అనే పేరుతో అమ్మకానికి పెట్టి ధనవంతుడయ్యాడు. కెల్లాగ్ తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ ఇదంతా చూస్తూ ఉన్నాడు. 1906లో ఆయన మొక్కజొన్న రేకులు చేసే సొంత కంపెనీ పెట్టాడు. రుచి కోసం అందులో చక్కెర కలిపాడు. డాక్టరుగారికి చక్కెర గిట్టదు. అన్నదమ్ములు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వ్యాపారంలో గెలిచింది తమ్ముడు. ఆశ్రమంలో రోగి కోసం పుట్టిన చప్పటి తిండి అంగట్లోకి వచ్చేసరికి తియ్యబడింది. ఆరోగ్యం అనే మాట మాత్రం పొట్లం మీద అలాగే ఉండిపోయింది.

ఆ తరువాత గ్రనోలాను జనం దాదాపు మరిచిపోయారు. 1960లలో అమెరికా యువతరం కంపెనీ తిండి మీద విసుగు పుట్టి, ముడి ధాన్యం వైపు మళ్ళినప్పుడు అది మళ్ళీ బయటికి వచ్చింది. ఓట్స్, తేనె, గింజలు, నూనె కలిపి ఇళ్ళలో కాల్చుకోవడం అప్పుడు మొదలైంది. మనం ఈరోజు గ్రనోలా అనుకునేది ఈ ఇంటి వంటే. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి నాలుగు లక్షల మంది దాకా వచ్చారు. తిండి చాలలేదు. హాగ్ ఫార్మ్ అనే బృందం వారు కాగితపు గ్లాసుల్లో గ్రనోలా పోసి జనానికి అందించారు. కంపెనీలు మళ్ళీ మేలుకున్నాయి. 1970ల మొదట్లో పెద్ద కంపెనీల పొట్లాలు వచ్చాయి. 1975లో గ్రనోలాను పట్టీలుగా ఒత్తి అమ్మారు. 1980లలో ఆ పట్టీలకు చాక్లెట్ తోడైంది. ఇంటి నుంచి అంగడికి పోయిన ప్రతిసారీ తీపి పెరిగింది.

ఇప్పుడు గిన్నెలోని రెండో చరిత్రకు వద్దాం. అది కోకో.

కోకో చెట్టు దక్షిణ అమెరికా అడవులది. ఈక్వడార్ దేశంలో తవ్వకాల్లో దొరికిన పాత్రల్లో సుమారు 5,300 ఏళ్ళ క్రిందటి కోకో ఆనవాళ్ళు ఉన్నాయని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల మాయా, అజ్టెక్ జనులు కోకో గింజలను వేయించి, నూరి, నీళ్ళతో చిలికి తాగేవారు. అందులో చక్కెర ఉండేది కాదు. మిరపకాయ వేసేవారు, సువాసన పూలు వేసేవారు. అన్నిటికంటే ముఖ్యంగా, మొక్కజొన్న పిండి కలిపేవారు. అజ్టెక్ రాజ్యంలో కోకో గింజలు నాణేలుగా కూడా చెల్లేవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నికరాగువా దేశంలో ఈనాటికీ ఒక పానీయం ఉంది. మొక్కజొన్న గింజలను దోరగా వేయిస్తారు. కోకో గింజలను వేయిస్తారు. రెండూ కలిపి పొడి చేసి దాచుకుంటారు. కావలసినప్పుడు నీళ్ళల్లోనో పాలల్లోనో కలుపుకుని తాగుతారు. దాని పేరు పినోలీయో. వేయించిన ధాన్యం, కోకో, నిలవ పొడి. చాక్లెట్ గ్రనోలాలో ఉన్న కలయిక ఇదే కదా! అమెరికాలో ఆశ్రమాలు వెలియకముందే, ఆ గడ్డ మీది పూర్వజనులకు ధాన్యాన్నీ కోకోనూ కలపడం వెన్నతో పెట్టిన విద్య. డాక్టర్ కెల్లాగ్ అయితే టీ, కాఫీలతో పాటు కోకోను కూడా వద్దన్నవాడు. తన గ్రనోలాలో చాక్లెట్ పడిందని తెలిస్తే ఆయన ఏమనేవాడో!

పదహారో శతాబ్దంలో స్పెయిన్ వారు కోకోను ఐరోపాకు తీసుకుపోయారు. అక్కడ దానికి చక్కెర తోడైంది. 1828లో హాలండ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం వారు కోకో ముద్దను యంత్రంతో ఒత్తి కొవ్వును వేరు చేసే పద్ధతి కనిపెట్టారు. మనం వంటలో వాడే కోకో పొడి ఆ పద్ధతి ఫలితమే. 1847లో ఇంగ్లండులో ఫ్రై కంపెనీ తినే చాక్లెట్ పలకను చేసింది. 1875లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ పాలు కలిపాడు. చేదుగా ఉండే గింజ చివరకు పిల్లల మిఠాయి అయింది.

ఆ తీపి వెనుక చేదు కూడా ఉంది. ఆఫ్రికా తీరంలో సావ్ తోమే అనే పోర్చుగీసు దీవిలో కోకో తోటల పనికి అంగోలా నుంచి మనుషులను తెచ్చి, బానిసల్లాగా వాడుకున్నారు. ఈ సంగతి బయటపడి, 1909లో ఇంగ్లండు చాక్లెట్ కంపెనీలు ఆ దీవి కోకో కొనడం మానుకున్నాయి. ఇప్పుడు ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీకోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది. అక్కడి తోటల్లో పిల్లల చేత పని చేయించడం మాన్పిస్తామని 2001లో కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ మాట ఇంకా పూర్తిగా నెరవేరలేదు.

మరి కోకో మన వైపుకు ఎలా వచ్చింది? తమిళనాడు శ్రోతలకు కుర్తాళం జలపాతాలు తెలిసే ఉంటాయి. 1798లో ఈస్టిండియా కంపెనీ కాలంలో కోకో మొక్కలను మన దేశంలో మొదట నాటింది అక్కడే. కాని సాగుగా నిలబడింది 1965 తరువాత. కేరళలో, కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాలో పోక తోటల నీడన రైతులు కోకో పెట్టారు. 1980 నాటికి ధర పడిపోయింది. కొనేవారు వెనక్కి తగ్గారు. కాయలు చెట్ల మీదనే కుళ్ళిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు పోక రైతుల సహకార సంఘం క్యాంప్కో ముందుకు వచ్చి కోకో కొన్నది. కొని ఊరుకోలేదు. 1986లో పుత్తూరు దగ్గర సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టుకుంది. రైతులే యజమానులుగా ఉన్న ఫ్యాక్టరీ అది. కర్ణాటక శ్రోతలు గర్వంగా చెప్పుకోదగిన సంగతి.

తెలుగు నేల మీద కోకో గోదావరి జిల్లాలలో స్థిరపడింది. యానాం వైపు శ్రోతలు కోనసీమకో ఏలూరుకో వెళ్ళినప్పుడు కొబ్బరి చెట్ల మధ్యన, మొదలుకే కాయలు కాసిన పొట్టి చెట్లు చూసే ఉంటారు. అదే కోకో. కాయ కోసి, లోపలి తెల్లని గుజ్జుతో సహా గింజలను తీసి, ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెడతారు. పులియబెట్టకపోతే ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు. ఈనాడు దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. 2024లో ఆఫ్రికాలో పంట దెబ్బతిని, ప్రపంచ మార్కెట్లో టన్ను ధర మొదటిసారి 10,000 డాలర్లు దాటింది. రైతు ముఖం వికసించింది. 2025లో ధర పడిపోయింది. గోదావరి రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కారు. పుత్తూరు రైతులు 1980లో పడిన కష్టమే నలభై ఐదేళ్ళ తరువాత వీరికి ఎదురయింది.

ఈ రెండు చరిత్రలూ విన్నాక, ఇంట్లో దీన్ని ఎలా చేసుకోవచ్చో చెప్తాను. అమ్మలూ అక్కలూ కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. అన్నలు కూడా రాసుకోవచ్చు, తప్పేమీ లేదు.

ఒత్తిన ఓట్స్ 300 గ్రాములు. ఓట్స్ దొరకకపోతే గట్టి అటుకులు తీసుకోండి. వేరుసెనగ పప్పు, మన రాయలసీమ మాటలో చెనక్కాయ విత్తనాలు, 100 గ్రాములు. నువ్వులు రెండు చెంచాలు. ఎండు కొబ్బరి తురుము గుప్పెడు. తీపి కలపని కోకో పొడి మూడు పెద్ద చెంచాలు. వేరుసెనగ నూనె గాని కొబ్బరి నూనె గాని నాలుగు పెద్ద చెంచాలు. బెల్లం 100 గ్రాములు. ఉప్పు చిటికెడు.

మందపాటి బాణలిలో ఓట్స్‌ను సన్నని సెగ మీద పది, పన్నెండు నిమిషాలు కలుపుతూ వేయించండి. కమ్మని వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి కావాలి. అటుకులైతే ఇంకా తొందరగా వేగుతాయి. వేరుసెనగ, నువ్వులు, కొబ్బరి విడివిడిగా వేయించి కలపండి. వేరుసెనగ పప్పును పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచితే మంచిది. బెల్లంలో కొద్దిగా నీళ్ళు పోసి కరిగించి, వడగట్టండి. ఇసుక ఉంటే పోతుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, వేళ్ళ మధ్య జిగురుగా అతుక్కునే దాకా కాచండి. ముదురు పాకం పనికిరాదు, గట్టి ఉండలైపోతుంది. దింపి, నూనె, కోకో పొడి, ఉప్పు అందులో కలపండి. కోకో పొడిని నేరుగా వేడి బాణలిలో వేయకండి. క్షణంలో మాడి చేదెక్కుతుంది. ఈ ముద్దను వేయించిన గింజలకు పట్టించి, మళ్ళీ సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు కలపండి.

ఓవెన్ ఉన్నవారు ఓట్స్, పప్పు వేయించే పని లేకుండా, పచ్చివాటికే పాకం పట్టించి, పళ్ళెంలో పలుచగా పరిచి, 150 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేస్తే చాలు. కొబ్బరి మాత్రం చివరి పది నిమిషాల్లో వేయండి.

వేడి మీద మెత్తగా ఉందని కంగారుపడకండి. పాకం చల్లారి గట్టిపడినప్పుడే కరకరలాడుతుంది. కదపకుండా ఆరనిస్తే పలుకులుగా విరుగుతుంది. ఎండుద్రాక్ష, చాక్లెట్ ముక్కలు వేసుకోదలచినవారు పూర్తిగా ఆరిన తరువాతే కలపాలి. తడి లేని, గాలి చొరని డబ్బాలో రెండు వారాలు నిలవ ఉంటుంది.

ఇందులో మొత్తం తూకంలో బెల్లం ఆరోవంతు. బెల్లం కూడా తీపే కాబట్టి, మధుమేహం ఉన్నవారు ఇంకా తగ్గించుకోవాలి, తినేది కొలుచుకుని తినాలి. తగ్గించుకునే వీలు మన చేతిలో ఉంది, అదే ఇంటి వంటలోని మేలు. అంగట్లో కొన్నప్పుడు పొట్లం వెనక్కి తిప్పి చదవండి. మన దేశపు నిబంధనల ప్రకారం ఎక్కువ తూకం ఉన్న పదార్థం పేరు ముందు రాయాలి. చక్కెర రెండో పేరుగానో మూడో పేరుగానో ఉంటే, ముందు వైపు ఆరోగ్యమని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది మిఠాయే అని తెలుసుకోండి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. తొలి ఏకాదశికి మన ఇళ్ళల్లో జొన్న పేలాలను విసిరి, బెల్లం కలిపి పేలపిండి చేస్తారు. కోలారు వైపు రాగులను పేల్చి, విసిరి, హురిహిట్టు అని దాచుకుని, పాలూ బెల్లంతో తింటారు. బరంపురం వైపు వారికి బెల్లం పాకం పట్టిన ఉఖుడా తెలుసు. తమిళనాట కార్తీక దీపానికి పొరి ఉండలు చేస్తారు. బళ్ళారి, అనంతపురాలలో బొరుగులు లేని ఇల్లు లేదు. ధాన్యాన్ని ముందే వేయించి, నిలవ చేసి, పొయ్యి లేకుండా కడుపు నింపుకునే ఈ విద్య ఒక దేశం సొత్తు కాదు. డాన్స్‌విల్‌లో జాక్సన్ రెండుసార్లు కాల్చి చేసిందీ, నికరాగువా తల్లులు వేయించి పొడి కొట్టిందీ, మన అవ్వలు తిరగలిలో విసిరిందీ ఒకే విద్య.

తరువాతి వారం ఆ అమ్మాయిని వాళ్ళ అవ్వ చేసిన జొన్న పేలపిండి కొంచెం తెమ్మన్నాను. ఇంటి నుంచి నేను కోకో పొడి తీసుకుపోయాను. రెండూ కలిపి, పాలల్లో వేసి తరగతికంతా తలా ఒక చెంచా పెట్టాను. పినోలీయో కథ చెప్పాను. పొట్లం తెచ్చిన పిల్లవాడు రెండోసారి చెయ్యి చాపి, "మీ అవ్వ ఇంకా చేస్తుందా?" అని ఆ అమ్మాయిని అడిగాడు. అప్పుడే ఆ పిల్ల ప్రశ్నకు నేను ఇవ్వవలసిన జవాబు ఇచ్చాను. "అవునమ్మా, ఇది మీ అవ్వ చేసే పేలపిండికి చుట్టమే. నువ్వు సరిగానే చెప్పావు" అన్నాను.

మీ ఇంట్లో పేలపిండి చేయడం తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే, ఈ ఏకాదశికి పిల్లలను వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఎంత సెగ, ఎన్ని పేలాలు, ఎంత బెల్లం అనేది వాళ్ళ చేతనే చెప్పించి రాయించండి. తెలుగు రాయడం రాని పిల్లలు కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, మరాఠీలోనో రాసినా సరే. కొలత పోకుండా ఉంటే చాలు.